మొదటి బేస్ దగ్గర ఒక్క అడుగు: పిట్స్‌బర్గ్ పైరేట్స్ చరిత్ర మీద ప్రసంగం

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. పిల్లలు ఇటు పక్కకి రండి. బోర్డు మీద బొమ్మ గీస్తాను, దగ్గరగా ఉంటే బాగా కనిపిస్తుంది.

ఈ ఊరికి మనవాళ్ళు ఎక్కువమంది మొదటిసారి వచ్చేది బేస్‌బాల్ కోసం కాదు, పెన్ హిల్స్‌లో వేంకటేశ్వర స్వామి దర్శనానికి. దర్శనం అయ్యాక ఊరు చూద్దామని నది దాకా వెళ్తారు. అక్కడ ఒక పసుపుపచ్చ వంతెన, ఆ వంతెన చివర ఒక స్టేడియం. ఆ వంతెన పేరు రొబెర్టో క్లెమెంటె వంతెన. ఎవరీ క్లెమెంటె అని పిల్లలు అడిగితే ఏం చెప్తాం? ఆటగాడు అని చెప్పి ఊరుకుంటాం. ఆటగాళ్ళు చాలామంది ఉన్నారు, అందరి పేరా వంతెనలకి పెట్టరు కదా. అందుకే ఇవాళ ఈ ఊరి జట్టు గురించి, పైరేట్స్ గురించి మాట్లాడుకుందాం.

1882లో పుట్టిన జట్టు ఇది. అంతా చెప్పడం నా వల్లా కాదు, వినడం మీ వల్లా కాదు. నేను ఒక్కటే చూపించదలచుకున్నాను. ఈ జట్టుకి పెద్ద పెద్ద రోజులు ఉన్నాయి, గుండె పగిలిన రోజులూ ఉన్నాయి. ఏ రోజుని తీసుకున్నా, తేలింది ఒక చిన్న పని దగ్గర. బేస్ దగ్గరికి వేయాల్సిన అడుగు, వంగి తీయాల్సిన బంతి. హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, అందరికీ గుర్తుంటుంది. దాని ముందు ఎవరు అడుగు వేశారు, ఎవరు వేయలేదు అన్నది ఎవరికీ గుర్తుండదు. నేను మాట్లాడేది ఆ అడుగు గురించి.

ముందు బొమ్మ చూడండి. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఇది కష్టం కాదు. ఇక్కడ హోమ్ ప్లేట్, బ్యాటర్ నిలబడేది ఇక్కడ. కుడివైపు మొదటి బేస్, పైన రెండో బేస్, ఎడమవైపు మూడో బేస్. తిరిగి హోమ్ ప్లేట్‌కి వస్తే ఒక పరుగు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. మధ్యలో చిన్న మట్టి దిబ్బ, దాని మీద పిచర్. పిచర్ కాలు మోపే పలకకీ హోమ్ ప్లేట్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు, దానికన్నా కొంచెం తక్కువ. ఇన్నింగ్స్ మొదటి సగం ఒక జట్టు, రెండో సగం ఇంకో జట్టు బ్యాటింగ్ చేస్తుంది. ఒక్కో జట్టుకి ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు, అలా తొమ్మిది ఇన్నింగ్స్. అంటే గెలవాలంటే మామూలుగా 27 మందిని అవుట్ చెయ్యాలి.

బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద దొర్లితే ఏం చేస్తారు? ఫీల్డర్ దాన్ని తీసి మొదటి బేస్‌కి విసరాలి. అక్కడ పట్టుకున్న మనిషి కాలు బేస్ మీద ఉండి, బంతి బ్యాటర్ కంటే ముందు చేరితే అవుట్. బ్యాటర్ ఒంటికి బంతి తాకించక్కర్లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఇవాళ మనం మళ్ళీ మళ్ళీ ఈ మొదటి బేస్ దగ్గరికే వస్తాం.

ఇక పేరు. ఈ జట్టు మొదటి పేరు అలెగెనీస్. పైరేట్స్ అంటే సముద్రపు దొంగలు, ఆ పేరు ఎలా వచ్చింది? 1890లో ఆటగాళ్ళు సొంతంగా ఒక లీగ్ పెట్టుకున్నారు, అది ఒక్క ఏడాదికే మూతపడింది. అందులో ఆడినవాళ్ళు పాత జట్లకి తిరిగి వెళ్ళాలి. లూ బియర్‌బావర్ అనే సెకండ్ బేస్‌మన్‌ని ఫిలడెల్ఫియా జట్టు తమ జాబితాలో రాసుకోవడం మర్చిపోయింది. పిట్స్‌బర్గ్ వాళ్ళు వెళ్ళి సంతకం పెట్టించుకున్నారు. ఇది సముద్రపు దొంగల పని అని ఫిలడెల్ఫియా వాళ్ళు గగ్గోలు పెట్టారు. వీళ్ళు ఆ తిట్టునే పేరుగా పెట్టేసుకున్నారు. చూశారా, పేరు కూడా ఒక జాబితాలో ఒక పేరు రాయకపోవడం వల్ల వచ్చిందే.

1900లో హోనస్ వాగ్నర్ ఈ జట్టుకి వచ్చాడు. ఎక్కడి నుంచో కాదు, పక్కనే ఉన్న కార్నెగీ ప్రాంతం వాడు. యజమాని బార్నీ డ్రైఫస్ లూయివిల్ జట్టు మూతపడుతుంటే అక్కడి మంచి ఆటగాళ్ళని వెంటబెట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. వాగ్నర్ షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. ఎనిమిదిసార్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ బ్యాటింగ్ సగటు. ఇక్కడ సగటు అంటే పరుగులు కాదు, ఆడిన సార్లలో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్న లెక్క. కొట్టిన బంతితో క్షేమంగా బేస్ చేరితే అది హిట్. 1936లో గొప్ప ఆటగాళ్ళ గౌరవ మందిరం, హాల్ ఆఫ్ ఫేమ్, మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట ఎన్నుకున్న ఐదుగురిలో ఒకడు. సిగరెట్ పెట్టెల్లో వేసిన ఆయన బొమ్మకార్డు ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడుపోయింది. పిల్లలూ, పాత పెట్టెలు సర్దేటప్పుడు జాగ్రత్తగా చూడండి.

వరల్డ్ సిరీస్ అంటే రెండు పెద్ద లీగ్‌ల, అంటే మేజర్ లీగ్‌ల, విజేతలు కప్పు కోసం ఆడేది. మొట్టమొదటిది 1903లో. బోస్టన్‌తో ఆడి మనవాళ్ళు 5-3తో ఓడిపోయారు. అప్పట్లో తొమ్మిది ఆటల సిరీస్. డీకన్ ఫిలిప్ అనే పిచర్ ఒక్కడే ఐదు ఆటలు మొదటి నుంచి చివరిదాకా వేశాడు. ఇవాళ ఏ పిచర్‌కైనా అలా చేయి అరగదీసే పని చెప్తే వైద్యులు ఒప్పుకోరు. 1909లో డెట్రాయిట్ మీద గెలిచారు, అప్పుడు మొదటి కప్పు. ఆ ఏడాదే ఓక్లండ్ పేటలో ఫోర్బ్స్ ఫీల్డ్ కట్టారు. 1921 ఆగస్టు 5న రేడియోలో మొట్టమొదటిసారి మేజర్ లీగ్ ఆట వినిపించింది అక్కడి నుంచే, కేడీకేఏ స్టేషన్‌లో. బేబ్ రూత్ తన జీవితంలో చివరి మూడు హోమ్ రన్లు, 712, 713, 714, ఒకే రోజు కొట్టిందీ అక్కడే, 1935 మే 25న. ఇంత చరిత్ర ఉన్న ఆ మైదానంలో ఒక్క నో హిట్టర్ కూడా పడలేదు. అంటే ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించిన పిచర్ ఒక్కడూ లేడు. 1909 నుంచి 1970 దాకా, అన్నేళ్ళలో, ఒక్కడూ లేడు.

నో హిట్టర్ మాట వచ్చింది కాబట్టి హార్వీ హాడిక్స్ గురించి చెప్పాలి. ఇది ఫోర్బ్స్ ఫీల్డ్‌లో కాదు, మిల్వాకీలో. 1959 మే 26. హాడిక్స్‌కి ఆ రోజు జలుబు, ఒంట్లో బాగాలేదు. దిబ్బ ఎక్కాడు. మొదటి ముగ్గురినీ అవుట్ చేశాడు. తర్వాత ముగ్గురు. తర్వాత ముగ్గురు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాయి, 27 మందిలో ఒక్కడూ మొదటి బేస్ ముట్టలేదు. దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. ఆట అక్కడితో అయిపోవాలి కదా? అవ్వలేదు. ఎందుకంటే పైరేట్స్ కూడా ఒక్క పరుగు చేయలేదు. అవతల లూ బర్డెట్ హిట్లు ఇస్తున్నాడు గానీ పరుగు ఇవ్వడం లేదు. మొత్తం పన్నెండు హిట్లు ఇచ్చాడు, ఒక్క పరుగూ ఇవ్వలేదు. పది, పదకొండు, పన్నెండు. హాడిక్స్ 36 మందిని వరసగా అవుట్ చేశాడు. 36 మందిని! అంతకుముందు ఎవరూ అలా చేయలేదు.

పదమూడో ఇన్నింగ్స్. మాంటియా కొట్టిన బంతి నేల మీద దొర్లి మూడో బేస్ దగ్గర డాన్ హోక్ చేతికి వచ్చింది. తేలికైన బంతి. తీశాడు, మొదటి బేస్‌కి విసిరాడు. బంతి సరిగ్గా చేరలేదు. మొదటిసారి మొదటి బేస్ మీద ఒక మనిషి. అక్కడి నుంచి దారం లాగినట్టు వచ్చేసింది. మాథ్యూస్ బంట్ చేసి, అంటే బంతికి బ్యాట్ మెల్లగా ఆనించి తను అవుటై, మాంటియాని రెండో బేస్‌కి పంపాడు. హ్యాంక్ ఆరన్‌కి కావాలనే ఆడలేని బంతులు వేసి, ఊరికే మొదటి బేస్‌కి నడిపించి పంపారు. జో ఆడ్‌కాక్ బంతిని కంచె అవతలికి కొట్టాడు. ఆరన్‌కి అది కంచె దాటిందని తెలియలేదు, రెండో బేస్ తాకి బెంచీ వైపు మళ్ళాడు. వెనక వస్తున్న ఆడ్‌కాక్ ఆయన్ని దాటేశాడు. దాంతో హోమ్ రన్ లెక్కలోకి రాలేదు, 1-0 అని తేల్చారు. హాడిక్స్ ఓడిపోయాడు. 1991లో నియమం మార్చి ఆ ఆటని నో హిట్టర్ల జాబితాలోంచి కూడా తీసేశారు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, హాడిక్స్. వచ్చే ఏడాదే మళ్ళీ వస్తాడు.

1960 అక్టోబర్ 13

ఇక అసలు సంగతి. దీనికోసమే సగం సమయం దాచుకున్నాను.

1960 వరల్డ్ సిరీస్. ఎదురు న్యూయార్క్ యాంకీస్. మాంటిల్, మారిస్, బెర్రా, వాళ్ళ పేర్లు వింటేనే పిచర్ల చేతులు వణికేవి. ఏడు ఆటల సిరీస్, నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. యాంకీస్ గెలిచిన ఆటలు చూడండి: 16-3, 10-0, 12-0. పైరేట్స్ గెలిచినవి: 6-4, 3-2, 5-2. మొత్తం సిరీస్‌లో యాంకీస్ 55 పరుగులు చేశారు, పైరేట్స్ 27. సగం కూడా లేదు. అయినా ఆరు ఆటలకి మూడూ మూడూ. పరుగులన్నీ కుప్పపోసి లెక్కపెట్టరు కదా, ఏ ఆట లెక్క ఆ ఆటదే.

ఏడో ఆట ఫోర్బ్స్ ఫీల్డ్‌లో. 36,683 మంది వచ్చారు. పైరేట్స్ ముందు 4-0తో ఉన్నారు. ఆరో ఇన్నింగ్స్‌లో యోగి బెర్రా మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదటి సగం అయ్యేసరికి యాంకీస్ 7, పైరేట్స్ 4. ఇంకా ఆరు అవుట్లే మిగిలి ఉన్నాయి.

ఎనిమిదో ఇన్నింగ్స్ రెండో సగం. జినో సిమోలీ సింగిల్, అంటే ఒక్క బేస్ హిట్, కొట్టాడు. తర్వాత బిల్ వర్డన్ కొట్టిన బంతి నేరుగా షార్ట్‌స్టాప్ టోనీ క్యూబెక్ దగ్గరికి దొర్లుకుంటూ వెళ్ళింది. చూసినవాళ్ళంతా డబుల్ ప్లే అనుకున్నారు, ఒకే బంతికి ఇద్దరు అవుట్. కానీ ఫోర్బ్స్ ఫీల్డ్ నేల గట్టిది, రాయిలాంటి మట్టి. బంతి చివరి గెంతులో ఎగిరి క్యూబెక్ గొంతుకి తగిలింది. ఆయన కింద పడిపోయాడు, ఆట వదిలి వెళ్ళాల్సివచ్చింది. ఇద్దరూ బతికిపోయారు. డిక్ గ్రోట్ సింగిల్, 7-5. యాంకీస్ పిచర్‌ని మార్చి జిమ్ కోట్స్‌ని తెచ్చారు. స్కిన్నర్ బంట్, ఒక అవుట్. నెల్సన్ గాల్లోకి కొట్టి దొరికిపోయాడు, రెండు అవుట్లు. ఇంకొక్క అవుట్ చేస్తే యాంకీస్ ఆపద గట్టెక్కినట్టే.

ఇప్పుడు బ్యాటర్ రొబెర్టో క్లెమెంటె. బంతి సరిగ్గా తగల్లేదు. నేలకి కొట్టుకుని మెల్లగా మొదటి బేస్ వైపు గెంతుతూ వెళ్ళింది. మొదటి బేస్ ఫీల్డర్ స్కౌరన్ బేస్ వదిలి ముందుకి వచ్చి తీశాడు.

ఒక్క నిమిషం, ఆటని ఇక్కడ ఆపుదాం. బోర్డు చూడండి. స్కౌరన్ ఇక్కడ ఉన్నాడు, బంతి చేతిలో ఉంది. మొదటి బేస్ దగ్గర ఎవరున్నారు? చెప్పండి. ఎవరూ లేరు. మరి ఎవరు రావాలి?

పిచర్ రావాలి. దీన్ని బేస్ కవర్ చెయ్యడం అంటారు. బంతి తన ఎడమచేతి వైపు వెళ్ళిందంటే పిచర్ ఆలోచించకూడదు, చూడకూడదు, ముందు పరుగెత్తాలి. దిబ్బ నుంచి బేస్‌కి సుమారు 60 అడుగులు. అది కూడా నేరుగా కాదు. బేస్‌కి పది పన్నెండు అడుగుల ముందు, ఈ తెల్ల గీత దగ్గరికి వెళ్ళి, అక్కడ మలుపు తీసుకుని గీత పక్కగా బేస్ వైపు పరుగెత్తాలి. ఎందుకంటారా? నేరుగా వెళ్తే బ్యాటర్ వచ్చే దారికి అడ్డం పడి ఇద్దరూ ఢీకొంటారు. మలుపు తీసుకుని వస్తే బంతి విసిరేవాడికి ఛాతీ, గ్లవ్ కనిపిస్తాయి. బంతిని బేస్ చేరకముందే, ఒకటి రెండు అడుగుల ముందే అందుకోవాలి. ఆ తర్వాత కిందికి చూసి కుడికాలితో బేస్ లోపలి అంచు తొక్కాలి. మధ్యలో తొక్కితే బ్యాటర్ మడమ మీద కాలు వేసే ప్రమాదం ఉంది. తొక్కాక లోపలికి మళ్ళి, వెంటనే మిగతా బేస్‌ల వైపు చూడాలి. అంతే. ఇందులో గొప్ప ప్రతిభ ఏమీ లేదు. ప్రతి వసంతంలో శిక్షణ శిబిరంలో పిచర్లందరితో వందలసార్లు ఇదే చేయిస్తారు. విసుగొస్తుంది, అయినా చేయిస్తారు. ఎందుకు చేయిస్తారో ఇప్పుడు చూడండి.

కోట్స్ ఆలస్యంగా బయల్దేరాడు. స్కౌరన్ బంతి పట్టుకుని విసరడానికి మనిషి కోసం చూశాడు, మనిషి లేడు. క్లెమెంటె అప్పటికే బేస్ దాటేశాడు. ఎందుకు దాటగలిగాడు? బంతి మెల్లగా పోయింది కదా, ఎలాగూ అవుటే కదా అని ఆయన ఒక్క అడుగు కూడా తగ్గించలేదు. తల వంచుకుని ప్రాణం పెట్టి పరుగెత్తాడు. ఆ ఒక్క అవుట్ దక్కితే ఇన్నింగ్స్ అయిపోయేది, యాంకీస్ ఇంకా 7-5తో ఉండేవాళ్ళు. అవుట్ దక్కలేదు, 7-6. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. తర్వాతి బ్యాటర్ హాల్ స్మిత్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. 9-7. క్లెమెంటె కొట్టింది ఈ హాలు గోడకి కూడా చేరని బంతి. కానీ స్మిత్ హోమ్ రన్ ఉన్నదే ఆ బంతి వల్ల.

తొమ్మిదో ఇన్నింగ్స్. యాంకీస్ ఊరుకోలేదు. మాంటిల్ కొట్టిన హిట్‌తో 9-8, మూడో బేస్ మీద ఒకడు, మొదటి బేస్ మీద మాంటిల్. బెర్రా కొట్టిన బంతి మొదటి బేస్ దగ్గరే నెల్సన్ చేతిలో పడింది. నెల్సన్ ముందు బేస్ తొక్కాడు, బెర్రా అవుట్. ఆ తొక్కడంతోనే మాంటిల్ రెండో బేస్‌కి పోవాల్సిన అవసరం పోయింది. ఇప్పుడు మాంటిల్‌ని అవుట్ చెయ్యాలంటే ఒంటికి బంతి తాకించాలి. మాంటిల్ అది క్షణంలో పసిగట్టి, వెనక్కి పడి నెల్సన్ చేతికింద నుంచి బేస్ అందుకున్నాడు. ఈలోగా మూడో బేస్ మీదివాడు వచ్చేశాడు. 9-9. యాంకీస్ వాడైనా సరే, ఆ తెలివికి దణ్ణం పెట్టాలి. ఆ ఇన్నింగ్స్‌ని ముగించిన పైరేట్స్ పిచర్ ఎవరో తెలుసా? హార్వీ హాడిక్స్. ముందటేడు 36 మందిని అవుట్ చేసి ఓడిపోయినవాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం. మొదటి బ్యాటర్ బిల్ మాజెరోస్కీ. పిచర్ రాల్ఫ్ టెర్రీ. మొదటి బంతి వదిలేశాడు. రెండో బంతిని ఎడమవైపు గోడ మీదుగా కొట్టాడు. గోడకి తీగలు అల్లుకుని ఉండేవి, 406 అడుగులు అని రాసి ఉండేది. ఎడమ అవుట్‌ఫీల్డ్‌లో ఉన్నది బెర్రా. బంతి కోసం వెనక్కి వెళ్ళాడు, ఆగిపోయాడు. మధ్యాహ్నం 3 గంటల 36 నిమిషాలు. 10-9. వరల్డ్ సిరీస్ ఏడో ఆటని చివరి బంతికి హోమ్ రన్‌తో ముగించినవాడు నాటికీ నేటికీ ఆయనొక్కడే. గెలిచిన పిచర్‌గా రికార్డుల్లోకి ఎక్కిన పేరు హాడిక్స్. ఇంకో మాట, ఆ ఆట మొత్తంలో రెండు జట్లలో ఒక్క స్ట్రైకవుట్ కూడా లేదు. అంటే బంతిని తగిలించలేక పిచర్ చేతిలోనే అవుటైనవాడు ఒక్కడూ లేడు, ప్రతి అవుట్‌కీ ఎవరో ఒక ఫీల్డర్ పని చెయ్యాల్సి వచ్చింది.

మాజెరోస్కీని ఆ హోమ్ రన్‌తోనే గుర్తుపెట్టుకుంటే ఆయనకి అన్యాయం చేసినట్టే. ఆయన అసలు విద్య బ్యాట్ కాదు, గ్లవ్. సెకండ్ బేస్‌మన్. బ్యాటింగ్ సగటు .260, అది మామూలు సగటు. కానీ డబుల్ ప్లే చెయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడు. షార్ట్‌స్టాప్ బంతి విసురుతాడు. రెండో బేస్ దగ్గర దాన్ని అందుకుని, బేస్ తొక్కి, మొదటి బేస్‌కి విసరాలి. ఈలోపు మొదటి బేస్ నుంచి వచ్చేవాడు కాళ్ళు ముందుకి చాచి మోకాళ్ళ మీదికి జారుతూ వస్తాడు. సమయం ఎంత? రెప్పపాటు. మామూలు ఫీల్డర్ బంతిని గ్లవ్‌లో పట్టి, వేళ్ళతో తీసి, విసురుతాడు. మాజెరోస్కీ చిన్న గ్లవ్ వాడేవాడు, లోతు లేని గ్లవ్. బంతి అందులో నిలవదు, గ్లవ్ అడుగుభాగానికి తగిలి నేరుగా కుడిచేతిలోకి మళ్ళుతుంది. పట్టినట్టు కనిపించేది కాదు. అందుకే ఆయన్ని ‘నో హ్యాండ్స్’ అనేవారు, చేతులే లేనట్టు అని. పైగా జారుకుంటూ వచ్చేవాడికి దారి ఇచ్చేవాడు కాదు, చెట్టు మొద్దులా నిలబడేవాడు. 1966 ఒక్క ఏడాదిలో 161 డబుల్ ప్లేలు, మొత్తం మీద 1,706. 2001లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది ప్రధానంగా ఈ గ్లవ్‌ని చూసే. ఒక ఫీల్డర్‌ని ఫీల్డింగ్ కోసం అంత గౌరవించడం అరుదు. నాకు ఆ నిర్ణయం చాలా ఇష్టం.

వంతెన మీద పేరు

క్లెమెంటె దగ్గరికి వద్దాం. 1934లో పోర్టోరికోలోని కరోలినా ఊళ్ళో పుట్టాడు. డాడ్జర్స్ జట్టు ఆయన్ని తీసుకుని మాంట్రియాల్‌లో కింది జట్టులో ఉంచింది. అప్పటి నియమం ప్రకారం అలా ఉన్నవాణ్ణి ఏడాది చివర వేరే జట్టు ఎంచుకోవచ్చు. ఎవరికి మొదటి అవకాశం? అట్టడుగున ఉన్న జట్టుకి. అట్టడుగున ఎవరున్నారు? పైరేట్స్! 1952లో 42 గెలిచి 112 ఓడిన జట్టు, 1954లోనూ చివరి స్థానమే. నాలుగు వేల డాలర్లు కట్టి క్లెమెంటెని తీసుకున్నారు. జట్టు చరిత్రలో ఇంత చవకగా ఇంత పెద్ద వరం దొరకలేదు.

ఆయన రైట్ ఫీల్డర్. అవుట్‌ఫీల్డ్ మూల నుంచి మూడో బేస్‌కి ఆయన విసిరే బంతికి భయపడి పరుగెత్తేవాళ్ళు రెండో బేస్ దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఉత్తమ ఫీల్డర్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు పన్నెండు, నాలుగు బ్యాటింగ్ కిరీటాలు, 1966లో లీగ్ ఉత్తమ ఆటగాడు. ఆడిన రెండు వరల్డ్ సిరీస్‌లలో మొత్తం 14 ఆటలు, పద్నాలుగింటిలోనూ హిట్ కొట్టాడు. బొమ్మకార్డుల మీద ఏళ్ళ తరబడి ఆయన పేరు ‘బాబ్’ అని వేశారు. ఆయన తన పేరు రొబెర్టో అనే చెప్పుకున్నాడు. మన పిల్లల పేర్లని బళ్ళో ముక్కలు చేసి పిలుస్తుంటే మనకెలా ఉంటుందో మీకు తెలుసు కదా.

1971 సెప్టెంబర్ 1న ఆ జట్టు ఇంకో పని చేసింది. మేనేజర్ డానీ మర్టా ఆ రోజు రాసిన తొమ్మిది పేర్లు: స్టెనెట్, క్లైన్స్, క్లెమెంటె, స్టార్జెల్, సాంగియెన్, క్యాష్, ఆలివర్, హెర్నాండెజ్, పిచర్ డాక్ ఎలిస్. తొమ్మిది మందీ నల్లవాళ్ళు, లాటిన్ అమెరికన్ నల్లవాళ్ళు. మేజర్ లీగ్‌లో అలాంటి జట్టు దిగడం అదే మొదటిసారి. నల్లవాళ్ళని రానివ్వని గోడ జాకీ రాబిన్సన్‌తో కూలిన 24 ఏళ్ళకి. ఆట 10-7తో గెలిచారు. ఇదే ఊళ్ళో హోమ్‌స్టెడ్ గ్రేస్, క్రాఫర్డ్స్ అని నల్లవాళ్ళ జట్లు ఉండేవి. జాష్ గిబ్సన్ లాంటి మహాబలుడు అక్కడే ఆడాడు, ఈ నది పక్కనే ఉండి పైరేట్స్‌లో అడుగుపెట్టలేకపోయాడు. ఆ తొమ్మిది పేర్లు చదివేటప్పుడు ఆయన్ని కూడా తలుచుకోవాలి.

ఆ ఏడాదే బాల్టిమోర్ మీద వరల్డ్ సిరీస్. అవతల ఇరవై ఆటలు గెలిచిన పిచర్లు నలుగురు. మొదటి రెండూ ఓడి, చివరికి 4-3తో గెలిచారు. క్లెమెంటె సగటు .414. ఏడో ఆటలో స్టీవ్ బ్లాస్ 2-1తో ముగించాడు, ఆ రెండిట్లో ఒకటి క్లెమెంటె హోమ్ రన్.

1972 సెప్టెంబర్ 30న జాన్ మాట్లాక్ బౌలింగ్... బౌలింగ్ అనకూడదు, పిచింగ్‌లో, రెండు బేస్‌ల హిట్ కొట్టాడు. అది ఆయన 3000వ హిట్. చూడటానికి వచ్చింది పదమూడు వేల మందే. డిసెంబర్ 23న నికరాగువా రాజధాని మనాగువాలో భూకంపం. క్లెమెంటె మందులు, తిండి సేకరించి విమానాల్లో పంపాడు. సైనికులు వాటిని దారి మళ్ళిస్తున్నారని విని, నేను వెళ్తే జనానికి చేరుతుంది అని డిసెంబర్ 31 రాత్రి తనే ఎక్కాడు. డీసీ-7 పాత విమానం, మోయాల్సిన బరువు కన్నా ఎక్కువ ఎక్కించారు. శాన్ హువాన్‌లో లేచిన కాసేపటికే సముద్రంలో పడిపోయింది. ఆయన దొరకలేదు. క్యాచర్ సాంగియెన్ స్మారక సభకి రాలేదు. సముద్రంలో దిగి స్నేహితుణ్ణి వెతుకుతున్నాడు. మామూలుగా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఐదేళ్ళు ఆగాలి, ఆయనకి ఆ గడువు తీసేసి 1973లోనే చేర్చారు. హిట్లు సరిగ్గా 3000 దగ్గరే ఆగిపోయాయి. స్టేడియం కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, ఆయన నంబర్ 21. పిల్లలూ, ఆ వంతెన ఎవరిదో ఇప్పుడు తెలిసింది కదా.

1979 త్వరగా చెప్తాను. విల్లీ స్టార్జెల్‌కి 39 ఏళ్ళు, అందరూ పెద్దన్నలా చూసేవారు. బాగా ఆడినవాడికి టోపీ మీద పెట్టుకోవడానికి చిన్న బంగారు నక్షత్రం ఇచ్చేవాడు. మళ్ళీ బాల్టిమోరే, మళ్ళీ ఏడు ఆటలు. 3-1తో వెనకబడి మూడూ గెలిచారు. ఏడో ఆట ఆరో ఇన్నింగ్స్‌లో స్టార్జెల్ కొట్టిన రెండు పరుగుల హోమ్ రన్‌తో ఆట తిరిగింది. ఈ జట్టుకి అదే ఐదో కప్పు, చివరి కప్పు కూడా.

1992 అక్టోబర్ 14, అట్లాంటా. దీని గురించి మాట్లాడటానికి ఈ ఊరివాళ్ళు ఇప్పటికీ ఇష్టపడరు. వరల్డ్ సిరీస్‌కి పోవాలంటే మూడు అవుట్లు చాలు. పైరేట్స్ 2-0. అట్లాంటా వాడు పెండిల్టన్ రెండు బేస్‌ల హిట్ కొట్టాడు. తర్వాత జస్టిస్ కొట్టిన బంతి సెకండ్ బేస్‌మన్ హోసే లిండ్ దగ్గరికి దొర్లింది. మాజెరోస్కీ నిలబడ్డ చోటే అది. లిండ్ ఆ ఏడాది గోల్డ్ గ్లవ్ పొందినవాడు. బంతి గ్లవ్‌కి తగిలి జారిపోయింది. తీసి ఉంటే ఒక అవుట్. ఆ తర్వాత ఒక నడక, పిచర్ మార్పు, ఒక పరుగు, ఇంకో నడక, రెండో అవుట్. చివరికి ఫ్రాన్సిస్కో కాబ్రెరా ఎడమవైపు సింగిల్ కొట్టాడు. ఒకడు వచ్చేశాడు, 2-2. వెనకే రెండో బేస్ నుంచి సిడ్ బ్రీమ్. మోకాళ్ళకి ఎన్నో ఆపరేషన్లు అయినవాడు, పైగా రెండేళ్ళ కిందటిదాకా పైరేట్స్‌లోనే ఆడినవాడు. బ్యారీ బాండ్స్ విసిరాడు. బంతి హోమ్ ప్లేట్‌కి కొంచెం మొదటి బేస్ వైపు పడింది. క్యాచర్ దాన్ని అందుకుని ఇటు తిరిగేలోపు బ్రీమ్ కాలు ప్లేట్ తాకింది. నోటి దాకా వచ్చిన ముద్ద. ఆ చలికాలం బాండ్స్ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళిపోయాడు, పిచర్ డ్రేబెక్ హ్యూస్టన్ వెళ్ళిపోయాడు. తర్వాత వరసగా ఇరవై ఏళ్ళు, 1993 నుంచి 2012 దాకా, గెలిచిన ఆటల కన్నా ఓడినవే ఎక్కువ. అమెరికా పెద్ద వృత్తి లీగుల్లో ఏ ఆటలోనూ ఏ జట్టూ వరసగా అన్నేళ్ళు అలా ఉండలేదు. ఒక తరం పిల్లలు గెలుపు చూడకుండానే పెద్దవాళ్ళయ్యారు.

2013 అక్టోబర్ 1న ఆ ఆకలంతా ఒక్క రాత్రి బయటపడింది. సిన్సినాటితో ఒకే ఒక్క ఆట. నలభై వేలమంది కలిసి ఎదుటి పిచర్ క్వేటో పేరుని సాగదీసి పిలుస్తున్నారు. బంతి ఆయన చేతిలోంచి జారి కింద పడింది. తర్వాతి బంతికే రసెల్ మార్టిన్ హోమ్ రన్. 6-2తో గెలిచారు. ఇప్పుడు పాల్ స్కీన్స్ ఉన్నాడు, 2024లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2025లో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు. పిచర్‌ని చూడాలంటే ఆయన వేసే రోజు చూసుకుని టికెట్ కొనండి.

మన దేశానికీ ఈ జట్టుకీ ఒక ముడి ఉంది. 2008లో రింకు సింగ్, దినేశ్ పటేల్ అని ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు ఇద్దరు పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ ఈటె విసిరేవాళ్ళు, బేస్‌బాల్ ఎప్పుడూ ముట్టనివాళ్ళు. వేగంగా విసిరేవాళ్ళ కోసం మన దేశంలో పెట్టిన పోటీలో మొదటి రెండు స్థానాలు వీళ్ళవే. క్రికెట్ బౌలర్లు కాకుండా ఈటె విసిరేవాళ్ళే ఎందుకు? బౌలర్ చేయి మోచేతి దగ్గర చాచకుండా నిటారుగా తిప్పాలి, అదే వాళ్ళ అలవాటు. పిచర్ మోచేయి మడిచి, భుజం వెనక్కి లాగి, కొరడాలా విసరాలి. ఈటె విసిరేవాడి భుజానికి ఆ కదలిక ముందే తెలుసు. 2009లో ఇద్దరూ పైరేట్స్ కింది జట్టులో ఆడారు, అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో ఆడిన మొదటి భారతీయులు వాళ్ళే. మేజర్ లీగ్ దాకా పోలేదు. మొదటి అడుగు మాత్రం వేశారు.

చివరగా, వచ్చే అక్టోబర్ 13న ఏం చెయ్యాలో చెప్తాను. ఫోర్బ్స్ ఫీల్డ్ పడగొట్టేశారు గానీ అవుట్‌ఫీల్డ్ గోడలో ఒక ముక్క ఓక్లండ్‌లో ఇంకా నిలబడే ఉంది. హోమ్ ప్లేట్ అక్కడి విశ్వవిద్యాలయం పోస్వార్ హాల్లో నేల మీద అద్దం కింద ఉంది, దాని మీద నిలబడొచ్చు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి గోడ దగ్గర జనం చేరి 1960 నాటి రేడియో ప్రసారం మొదటి నుంచి వింటారు. 1985లో ఒక అభిమాని ఒక్కడే టేపు రికార్డర్ పట్టుకుని కూర్చుని మొదలుపెట్టాడు. మడత కుర్చీలు తెచ్చుకోండి, చలిగా ఉంటుంది, పిల్లలకి స్వెటర్లు. చివర్లో వ్యాఖ్యాత పిచర్ పేరు తప్పు చెప్తాడు, టెర్రీ బదులు డిట్‌మార్ అంటాడు, వినండి. అంతకన్నా ముందు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, రెండు అవుట్లయ్యాక, క్లెమెంటె వస్తాడు. అప్పుడు మాటలు ఆపి చెవి పెట్టి వినండి. బంతి మొదటి బేస్ వైపు మెల్లగా దొర్లుతుంది.